ఏజెన్సీలో పుట్టి ఏజెన్సీ కింద బతుకుతున్నాం

మన పెద్దోళ్లకు ఏజెన్సీ అంటే ఒకటే అర్థం. మన గూడేలు, మన గుట్టలు, మన అడవి. 1839లో తెల్లోళ్లు చట్టం చేసి గంజాం, విశాఖ కొండ ప్రాంతాలను గవర్నర్ ఏజెంటు చేతిలో పెట్టినప్పటి నుంచి ఆ పేరు మన నేలకు అంటుకుంది. మన తరానికి ఇంకో ఏజెన్సీ వచ్చింది. దానికి అడవి లేదు, ఊరు లేదు. ఎక్కడో టౌన్‌లో ఒక షట్టర్, ఒక బోర్డు, ఒక బ్యాంకు ఖాతా. నేను పుట్టింది మొదటి ఏజెన్సీలో. పదకొండేళ్లుగా పనిచేస్తున్నది రెండో ఏజెన్సీ కింద.

నేను డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని. ఔట్‌సోర్సింగ్. తెలంగాణలో గోదావరి పక్కన ఒక మండలంలో సర్కారు ఆఫీసు. ఏ ఆఫీసో రాయడం లేదు. ఎందుకో చివర్లో చెప్తా.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది డిగ్రీ అయిపోయి, పీజీడీసీఏ చేసి, "అన్నా, ఏదన్నా ఆపరేటర్ పోస్టు ఉంటే చెప్పు" అని మెసేజ్ పెడుతుంటారు. ఆ పోస్టు అంటే ఏందో ఒకసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాలని ఈ వ్యాసం. భయపెట్టడానికి కాదు. రేపు మీరొచ్చి ఈ కుర్చీలో కూర్చున్నప్పుడు, నేను పదకొండేళ్లు నోరు మూసుకున్నట్టు మీరు మూసుకోవద్దని.

పని ఏంది?

పొద్దున పదింటికి కంప్యూటర్ ఆన్ చేస్తా. పేరు, తండ్రి పేరు, ఊరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, సేవ్. మళ్లీ పేరు, తండ్రి పేరు, ఊరు. రోజుకు వంద, నూటయాభై, కొన్ని రోజులు రెండొందలు. 2021 చివర్లో పోడు దరఖాస్తులు తీసుకున్నప్పుడు అవి కొట్టింది మేమే. మా నాయన దరఖాస్తు కూడా నా చేత్తోనే కొట్టిన. 2024 జనవరిలో ప్రజాపాలన దరఖాస్తులు కట్టలు కట్టలుగా వచ్చినప్పుడు సంక్రాంతి సెలవుల్లో కూడా కూర్చుని ఎక్కించింది మేమే. స్కాలర్‌షిప్, పింఛను, ఉపాధి హామీ, ఇండ్లు, ఏ పథకమైనా సరే, మంత్రి ప్రకటించిన రోజు పేపర్ల ఫోటో వస్తుంది. ఆ పథకం మనిషి దాకా పోవాలంటే మాత్రం ఒక ఆపరేటర్ వేళ్ల మీదుగానే పోవాలి.

"టైపింగే గదా, ఎవడైనా చేస్తడు" అంటారు. సరే, ఒక సంగతి చెప్తా. ఒక అవ్వ ఉపాధి కూలి డబ్బులు పడడం లేదని నాలుగుసార్లు ఆఫీసు చుట్టూ తిరిగింది. వచ్చిన ప్రతిసారీ "పై నుంచి రాలే, పో" అన్నారు. నేను చూస్తే అవ్వ ఇంటిపేరు ఆధార్‌లో ఒక 'ఏ' తో ఉంది, బ్యాంకులో రెండు 'ఏ'లతో ఉంది. మడకం ఒకచోట, మాడకం ఒకచోట. అంతే. ఆ ఒక్క అక్షరం కింద ఆరు వారాల కూలి ఇరుక్కుంది. మన ఇంటిపేర్లు, మన ఊర్ల పేర్లు వినని మనిషి ఆ కుర్చీలో కూర్చుంటే ఆ తప్పు తప్పని కూడా తెలవదు. అవ్వకు తెలుగు సరిగ్గా రాదు. కోయలో అడిగి, విషయం తెలుసుకుని, బ్యాంకు ఫారం రాసిచ్చి పంపిన.

ఇది నా డ్యూటీలో లేదు. కానీ మా ఆఫీసులో సార్ల ముందుకు కోయ మాట్లాడే మనిషి ఎవరొచ్చినా "ఏయ్ కంప్యూటర్, ఇటు రా, ఏమంటుందో చెప్పు" అని నన్నే పిలుస్తారు. పదకొండేళ్లుగా దుబాసీ పని చేస్తున్నా. దానికి పైసా లేదు, గుర్తింపు లేదు, ఏ కాగితంలోనూ లేదు. నా పేరు కూడా లేదు. నేను "కంప్యూటర్‌"ని.

జీతం లెక్క

లెక్క అంకెల్లో చూద్దాం. 2021 జూన్‌లో వచ్చిన జీవో 60 ప్రకారం ఔట్‌సోర్సింగ్ వాళ్లకు నెలకు మూడు రకాల జీతం: 15,600, 19,500, 22,750. నాది మధ్య రకం, 19,500. ఇందులో నా వంతు పీఎఫ్ 15,000 మీద 12 శాతం అంటే 1,800 పోవాలి. ఈఎస్ఐ 0.75 శాతం అంటే 147 పోవాలి. చేతికి 17,553 రావాలి.

నాకు వచ్చింది 13,900.

మిగతా 3,653 ఏమైంది? ఏజెన్సీ వాడిని అడిగితే ఒక చిన్న కాగితం చూపించాడు. యజమాని కట్టాల్సిన పీఎఫ్ వాటా 1,950, యజమాని కట్టాల్సిన ఈఎస్ఐ వాటా 634, రెండూ నా జీతంలోనే కోశాడు. ఇంకో 1,069 కి "సర్వీసు" అని రాశాడు. ఎవరికి సర్వీసు? నాకు ఉద్యోగం ఇచ్చినందుకు నేను ఆయనకు నెలనెలా కట్టే శిస్తు అన్నమాట.

యజమాని వాటాను కార్మికుడి జీతంలోంచి కోయకూడదని పీఎఫ్ చట్టం, ఈఎస్ఐ చట్టం రెండూ స్పష్టంగా చెప్పాయి. అంటే ఇది రూలు తెలవక జరిగిన పొరపాటు కాదు. నెలకు 3,653 అంటే ఏడాదికి 43,836. ఆ ఏజెన్సీ కింద మా చుట్టుపక్కల ఆఫీసుల్లో తొమ్మిది మందిమి ఉన్నాం. ఏడాదికి దగ్గర దగ్గర నాలుగు లక్షలు. షావుకారు మన తాతల దగ్గర చింతపండు, ఇప్పపువ్వు తూకంలో ఎంత కొట్టేశాడో మనం పాటలు కట్టి పాడుకుంటాం. ఈ తూకం గురించి ఎవరూ పాడరు.

ఇదంతా జీతం వచ్చిన నెల సంగతి. రాని నెలలు వేరే. "బడ్జెట్ రాలే" అని మూడు నెలలు, ఒకసారి అయిదు నెలలు. ఆఫీసును అడిగితే "మీ ఏజెన్సీని అడుగు" అంటారు. ఏజెన్సీని అడిగితే "ఆఫీసు నుంచి బిల్లు కాలే" అంటాడు. మధ్యలో నేను, కిరాణా కొట్టు ఖాతా, పాప ఫీజు. ఆ అయిదు నెలల్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు ఇంకా నడుస్తూనే ఉంది.

పక్క కుర్చీ

నా పక్కన ఒక జూనియర్ అసిస్టెంట్ అన్న ఉంటాడు. మంచోడు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన మూల వేతనం స్కేలు 24,280తో మొదలై 72,850 దాకా పోతుంది. దాని మీద డీఏ, ఇంటి అద్దె, ఏటా ఇంక్రిమెంటు. ప్రమోషన్ రాకపోయినా 6, 12, 18, 24 ఏళ్లకు పై స్కేలు వస్తుంది. ప్రమోషన్ వస్తే సీనియర్ అసిస్టెంట్, ఆ తర్వాత సూపరింటెండెంట్. ఆయనకు ఒక నిచ్చెన ఉంది. మెల్లగానైనా ఎక్కుతాడు.

నాకు నిచ్చెన లేదు. మెట్టు కూడా లేదు. మొదటి రోజు నేను ఏ కుర్చీలో కూర్చున్నానో పదకొండేళ్ల తర్వాత అదే కుర్చీ. చెయ్యి విరిగితే ప్లాస్టిక్ తాడు కట్టుకున్న. ఈ మధ్యలో నలుగురు ఏజెన్సీలు మారారు. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త ఐడీ కార్డు, కొత్త జాయినింగ్ తేదీ. నా సర్వీసు మళ్లీ సున్నా. కాగితం ప్రకారం నేను ఇప్పటికి నాలుగుసార్లు పుట్టిన. ఇద్దరు ఏజెన్సీల వాళ్లు పీఎఫ్ కోశారు గానీ పాస్‌బుక్‌లో కొన్ని నెలలు కనబడవు. వాళ్ల ఫోన్ ఇప్పుడు కలవదు.

పదకొండేళ్లలో ఎంతమంది ఆఫీసర్లు వచ్చారు, పోయారు. ఒక్కొక్కరికీ ఈ ఊర్లు ఎక్కడున్నాయి, ఏ గూడెం ఏ పంచాయతీ కిందికి వస్తుంది, ఏ పోర్టల్‌లో ఏ తప్పు ఎట్లా సరిచేయాలి అన్నీ నేర్పింది మేమే. నేర్పినోడు అక్కడే, నేర్చుకున్నోడు ప్రమోషన్ మీద జిల్లాకు.

పెత్తనం ఎట్లా ఉంటది?

మమ్మల్ని తిట్టాల్సిన పని కూడా లేదు. ఒక్క మాట చాలు: "రెన్యువల్ చూద్దాం." ఫిబ్రవరి వచ్చిందంటే మాకు ఆ మాట మొదలైతది. మార్చి 31 దాకా నిద్ర పట్టదు.

రాత్రి పదిన్నరకు వాట్సాప్ గ్రూపులో మెసేజ్: "పొద్దున లోపు పెండింగ్ జీరో కావాలె." ఓవర్‌టైం అన్న మాట మా ఆఫీసులో నేను వినలేదు. సర్వర్ నడవకపోతే తప్పు నాది, సిగ్నల్ లేకపోతే తప్పు నాది. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఇంటిల్లిపాదీ పోయారు. మా ఇలవేల్పుల జాతరకు నన్ను కూడా పంపారు. లీవు మీద కాదు, డ్యూటీ మీద. నాలుగు రోజులు షెడ్డులో కూర్చుని ఎంట్రీలు కొట్టిన. అమ్మవార్లు గద్దెల మీదికి వచ్చే వేళ నేను లాగిన్ ఎర్రర్ చూస్తూ కూర్చున్న.

మాతో పనిచేసే ఒక అక్కకు పాప పుట్టింది. ఈఎస్ఐ కింద 26 వారాల ప్రసూతి సెలవు, దానికి డబ్బు ఆమె హక్కు. ఏజెన్సీ ఆమె పేరున ఈఎస్ఐ సరిగ్గా కట్టనే లేదు. రెండు నెలలకు ఆమె తిరిగొస్తే ఆమె కుర్చీలో వేరే మనిషి. "నువ్వు మానేశావనుకున్నాం" అన్నారు. తీసేసినట్టు ఉత్తర్వు కూడా లేదు. పెట్టుకున్నట్టు ఉత్తర్వు ఉంటే గదా, తీసేసినట్టు ఉత్తర్వు ఉండడానికి!

ఇది దేని సమస్య?

కొంతమంది మనోళ్లే అంటారు: "ఉద్యోగం ఉంది గదా, ఫ్యాన్ కింద కూర్చుంటావు, నీకేం బాధ? పోడు మీద కేసులైనోళ్లను చూడు." నిజమే, వాళ్ల బాధ పెద్దది. కానీ ఆ పోడు దరఖాస్తు కొట్టేవాడు భయంతో బతుకుతుంటే ఏం జరుగుతుందో ఆలోచించండి. పై నుంచి "ఈ విస్తీర్ణం తగ్గించి ఎక్కియ్యి" అని ఒక మాట వస్తే, ఉద్యోగ భద్రత ఉన్నవాడు కనీసం రాతపూర్వకంగా ఇవ్వమని అడుగుతాడు. నేనైతే? నా చేతికి బలం లేకపోతే మీ దరఖాస్తుకూ బలం లేదు. ఆపరేటర్ జీతం, గూడెం హక్కు రెండు వేర్వేరు సంగతులు కావు.

ఇంకో సంగతి. షెడ్యూల్డ్ ఏరియాల్లో టీచర్ పోస్టులు స్థానిక ఆదివాసీలకే ఇవ్వాలని 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పర్మనెంటు దారి అక్కడ ఇరుకైంది. 2022లో ఎస్టీ రిజర్వేషన్ 10 శాతానికి పెంచారని సంబరాలు చేసుకున్నాం. కానీ పోస్టు భర్తీ చేస్తేనే గదా రోస్టర్! ఖాళీ పోస్టును ఖాళీగానే ఉంచి, దాని పని ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీకి అప్పజెప్తే 10 శాతం దేంట్లో? 45 రోజులు, ఆపైన ఉండే తాత్కాలిక నియామకాల్లో కూడా రిజర్వేషన్ పాటించాలని కేంద్రం 2022లో తన శాఖలకు ఉత్తర్వు ఇచ్చింది. నేను పదకొండేళ్ల నుంచి ఉన్నా. మా ఆఫీసులో ఔట్‌సోర్సింగ్‌కు రోస్టర్ రిజిస్టర్ అన్నది ఒక్కసారి కూడా చూడలేదు. ఏజెన్సీ ఏరియాలో కూర్చుని, ఆదివాసీల పేరు మీద వచ్చిన నిధులతో, ఆదివాసీల దరఖాస్తులు కొట్టే కుర్చీల్లో ఎంతమంది ఆదివాసీలున్నారో ఎవరన్నా లెక్క తీశారా?

1970ని గుర్తుపెట్టుకోండి. మన భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 వచ్చింది ఆ ఏడే. కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చిందీ ఆ ఏడే. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టాలని ఆ చట్టం చెప్పింది. కొత్త లేబర్ కోడ్‌లలో కూడా ఆ బాధ్యత తీసేయలేదు. మొదటి చట్టం మన గూడేల్లో చిన్నపిల్లగాడికి కూడా తెలుసు. రెండో చట్టం ఆఫీసులో కూర్చున్న నాకే తొమ్మిదేళ్ల దాకా తెలవదు. "మీ ఏజెన్సీని అడుగు" అన్న ఆఫీసుకు నేను ఆ రోజు ఈ ఒక్క మాట చెప్పి ఉంటే!

ఇంకో ఏడాది చెప్తా. 1956. అడవి సరుకు కొనే దళారులు మనల్ని దోచుకుంటున్నారని గిరిజన సహకార సంస్థ, జీసీసీ పెట్టిన ఏడాది. జిగురుకూ చింతపండుకూ మధ్య దళారి వద్దన్న సర్కారు, మన చెమటకు మాత్రం తానే టెండర్ పిలిచి దళారిని పెట్టింది. ఇదేం న్యాయం? ఆంధ్రాలో 2020 నుంచి ఆప్కాస్ అన్న ప్రభుత్వ కార్పొరేషన్ ద్వారా ఔట్‌సోర్సింగ్ జీతాలు ఇవ్వడం మొదలుపెట్టారు. పర్మనెంటు కాలేదు, స్కేలు రాలేదు. కానీ ప్రైవేటు దళారి లేకుండా జీతం ఇవ్వొచ్చని అయితే తేలింది. చేతకాక కాదు, చేయక.

"మీరు పరీక్ష రాసి రాలేదు గదా"

ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. అవును, రాయలేదు. పరీక్ష పెడితే రాసేవాళ్లం. పెట్టలేదు. నేను చేరేటప్పుడు మధ్యవర్తికి లక్షా పదివేలు ఇచ్చిన. మా నాయన జత ఎడ్లు అమ్మాడు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ దాచిపెడితే రేపు మీ నాయన ఎడ్లు కూడా అమ్మాల్సి వస్తది. లంచం తీసుకున్నోడికి లేని సిగ్గు ఇచ్చినోడికే ఎందుకు?

2006లో ఉమాదేవి కేసు తీర్పు చూపించి ఇరవై ఏళ్లుగా తాత్కాలిక ఉద్యోగుల నోరు మూయించారు. దొడ్డిదారిన వచ్చినోళ్లను పర్మనెంటు చేయొద్దని ఆ తీర్పు. కానీ 2024 డిసెంబర్ 20న జగ్గో కేసులో అదే సుప్రీంకోర్టు ఏమందో చూడండి. ఏళ్ల తరబడి శాశ్వతమైన పని చేయించుకుంటూ మనుషులను తాత్కాలికం అనడం, ఔట్‌సోర్సింగ్‌ను అడ్డు పెట్టుకోవడం తప్పని, ఉమాదేవి తీర్పును ఇట్లా వాడుకోవద్దని చెప్పి, వాళ్లను రెగ్యులర్ చేయమంది. ఆ కేసు వేసింది ఎవరు? కేంద్ర జల సంఘం ఆఫీసులో ఊడ్చే పని, తోటపని చేసినవాళ్లు.

ఊడ్చే అక్కలు కోర్టుకు పోయి గెలిచారు. మనం కీబోర్డు ముందు కూర్చున్నందుకు మనం కార్మికులమే కాదనుకున్నాం. మన ఓటమి అక్కడుంది.

సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకూ వర్తిస్తుందని 2016 అక్టోబర్‌లో జగ్జీత్ సింగ్ కేసులో తీర్పు వచ్చింది. మనం అది చూపిస్తే "మీ యజమాని మేం కాదు, ఏజెన్సీ" అంటారు. అందుకే నేను మొదట అడిగేది జీతం పెంపు కాదు. మధ్యలో ఆ ఏజెన్సీని తీసేయమని. అది ఉన్నన్నాళ్లూ ఏ తీర్పూ మన దాకా రాదు.

ఎస్టీ కోటాలో వచ్చి ఆఫీసర్లయిన అన్నలకు కూడా ఒక మాట. మా అటెండెన్స్ మీద సంతకం పెట్టేది మీరే. ఏజెన్సీ బిల్లు మీద సంతకం పెట్టేదీ మీరే. ఆ బిల్లుకు మా పీఎఫ్ చలానా జత చేయకపోతే సంతకం పెట్టనని ఒక్కరంటే చాలు. మీ కుర్చీ కూడా ఎవరో కొట్లాడితే వచ్చిందే.

ఏం చేద్దాం?

ఒకటి. ఈ రాత్రే మీ పీఎఫ్ పాస్‌బుక్ తీసి నెలనెలా చూడండి. కోసింది ఎంత, కట్టింది ఎంత. కాపీ తీసి పెట్టుకోండి. ఆఫీసు మారినా, ఏజెన్సీ మారినా అటెండెన్స్ కాగితం, బ్యాంకు స్టేట్‌మెంటు పారేయొద్దు. నాలుగుసార్లు పుట్టిన మనిషికి అవే పుట్టిన ధ్రువపత్రాలు.

రెండు. బయట ఉన్న విద్యార్థి సంఘాల తమ్ముళ్లు మా తరఫున సమాచార హక్కు దరఖాస్తులు వేయండి. ఐటీడీఏల కింద, ఏజెన్సీ మండలాల ఆఫీసుల్లో ఔట్‌సోర్సింగ్ పోస్టులు ఎన్ని, అందులో స్థానిక ఆదివాసీలు ఎందరు, ఏజెన్సీకి నెలకు ఎంత చెల్లిస్తున్నారు, చలానాలు ఎక్కడ. మేం వేస్తే తెల్లారి రెన్యువల్ పోతుంది. మీరు వేస్తే పోదు.

మూడు. మన సంఘాల డిమాండ్ల కాగితంలో ఈ నాలుగు లైన్లు చేర్చండి: ప్రైవేటు ఏజెన్సీలు పోయి నేరుగా ఐటీడీఏ నుంచి జీతం. పాత సర్వీసు అంతా లెక్కలోకి. షెడ్యూల్డ్ ఏరియా పోస్టుల్లో స్థానిక ఆదివాసీలకు మొదటి హక్కు. కోయ, గోండి, కొలామీ తెలిసి దుబాసీ పని చేసేవాళ్లకు గుర్తింపు, దానికి భత్యం.

జల్, జంగల్, జమీన్ అని కొమురం భీం పేరు చెప్పి పిడికిలి ఎత్తుతాం. ఆ మూడింటి పక్కన జీతం అన్న మాట పెట్టడానికి ఎందుకో మొహమాటపడుతున్నాం. భీం కొట్లాడింది తన చెమట మీద ఇంకొకడు శిస్తు వసూలు చేస్తున్నందుకు. నా జీతం చీటీలో 1,069 రూపాయల మీద "సర్వీసు" అని రాసి ఉంది. శిస్తుకు అది కొత్త పేరు, అంతే.

ఈ వ్యాసం కింద నా పేరు లేదు. రెన్యువల్ మార్చి 31న. రాసినోడెవడో తెలిస్తే ఏప్రిల్ ఒకటిన నా కుర్చీలో ఇంకొకరు ఉంటారు, బహుశా మీలోనే ఒకరు, ఎడ్లమ్మిన ఇంకో నాయన కొడుకు. అప్పుడు ఆ తమ్ముణ్ని కూడా నేను తిట్టను. ఒక్కటే అడుగుతా. కుర్చీలో కూర్చున్న మొదటి నెలే చీటీ అడుగు. చెయ్యి విరిగిన ఆ కుర్చీకి తాడు నేనే కట్టిన. దాన్ని మార్చమని నువ్వన్నా అడుగు.

జై ఆదివాసీ.